ఆ గడి ఖాళీగానే ఉంచండి

లాండ్రీ వెనక గది,
సోమవారం

ఏమండీ,

మీ ఉత్తరం చేరింది. నేను బాగున్నాను. అత్తయ్య, మామయ్య బాగున్నారు.

ఈ నాలుగు ముక్కలు రాసి చాలాసేపు కూర్చున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ముత్యాల్లాంటి మీ అక్షరాలు చూశాక నావి చూపించాలంటే సిగ్గుగా ఉంది. తప్పులుంటే మీలో మీరే నవ్వుకోండి, పక్కవాళ్ళకు మాత్రం చూపించకండి.

ఫోన్లో ఎందుకు మాట్లాడవని అడిగారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ షాపులో బట్టల బల్ల మీదే ఉంటుందని మీకు తెలుసు. నేను "హలో" అనగానే మామయ్య ఇస్త్రీ పెట్టె చప్పుడు కాకుండా పక్కన పెట్టేస్తారు. అత్తయ్య "మాట్లాడుకోండి, నేను వినడం లేదులే" అంటూ ఇంకో అడుగు దగ్గరికి జరుగుతారు. బట్టలకోసం వచ్చినవాళ్ళు కూడా తమ తొందర మర్చిపోతారు. అందుకే "ఊ" అని పెట్టేస్తాను. ఆ "ఊ"లో చాలా ఉంటుంది. అంత దూరానికి వినపడదు, అంతే.

మీరు వెళ్ళేటప్పుడు నీలం చొక్కా మర్చిపోయారు. దానికి చీటీ లేదు కాబట్టి అత్తయ్య దాన్ని తలుపు పక్క తీగ మీద వేశారు. "మనవాడిదేగా, లోపల పెట్టుకోనివ్వు" అన్నారు మామయ్య. "చీటీ ఊడిన బట్ట ఎవరిదైనా తీగ మీదే ఉండాలి. యజమాని వచ్చి అడిగితే ఇద్దాం" అని అత్తయ్య నావైపు చూసి నవ్వారు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

మీరు అక్కడ ఏం పని చేస్తారని ఎదురింటావిడ అడిగింది. "లెక్కలు" అన్నాను. "ఏం లెక్కలు?" అంది. నాకు తెలియలేదు. కొంచెం చెప్పండి.

ఇట్లు,
మీ భార్య


సర్వే ఆఫీసు, మూడో అంతస్తు,
శుక్రవారం

గుసగుసా!

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. పక్క బల్ల ఆయన, మేం కళ్ళజోడు అని పిలుస్తాం, తొంగిచూడబోతే జేబులో పెట్టేసుకున్నాను. "ఇట్లు, మీ భార్య" అని సంతకం పెట్టావు. నాకున్నది ఒక్క భార్యే కాబట్టి గుర్తుపట్టగలిగాను. పేరు పెట్టే పని నాకు వదిలేశావు గనక ఇకమీదట నువ్వు గుసగుసవి.

నా పని చెప్తాను. మా ఆఫీసు వాళ్ళు ఊరూరా తిరిగి జనాన్ని ప్రశ్నలు అడుగుతారు. మీ వీధిలో దీపాలు వెలుగుతున్నాయా? మీరు బస్సులో వెళ్తారా? జవాబు అవును, లేకపోతే కాదు. ఆ జవాబులన్నీ గళ్ళ దుప్పటి పరిచినట్టు మెషీన్‌లోకి వస్తాయి. మనిషికో వరస, ప్రశ్నకో గడి. మెషీన్‌ను పట్టుకుని ఈ అవునులన్నీ కూడమంటే కూడలేదు, అవి మాటలు. వాటిని అంకెలుగా మార్చడం నా పని. అవునుకు ఒకటి, కాదుకు సున్నా. ఇక నిలువునా కూడితే చాలు, ఎంతమంది అవునన్నారో వచ్చేస్తుంది. ఎన్ని సున్నాలు కలిపినా మొత్తం పెరగదు కదా! ఆ మొత్తాన్ని మనుషుల లెక్కతో భాగిస్తే సగటు. సగటు అర దాటితే సగంమందికి పైగా అవునన్నట్టు. వీధి వీధంతా ఏమనుకుంటోందో ఒక్క అంకెలో చెప్పెయ్యొచ్చు. ఇది అర్థమైన రోజు సంతోషం పట్టలేక టీ కొట్టతనికి కూడా చెప్పాను. అంతా విని "చిల్లర ఉందా సార్?" అన్నాడు.

కళ్ళజోడు భార్య ఈ ఊరే. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని ఆఫీసుకు వస్తుంది. వచ్చిందంటే మా మేడమ్‌తో సహా అందరినీ ఒక ఆట ఆడిస్తుంది. ఎంత చక్కగా మాట్లాడుతుందో! ఆవిడ ఉన్నంతసేపూ ఆఫీసు ఆఫీసులా ఉండదు.

అన్నట్టు, ఆఫీసు వెనక ఒక మేడ అద్దెకు వస్తోంది. అన్నీ చిన్న చిన్న ఇళ్ళు. మాలో ఇంటివాళ్ళను వదిలి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇంటివాళ్ళలో సగానికి పైగా వచ్చి ఉంటామంటే మేడ మొత్తం తీసుకుంటామని మేడమ్ అన్నారు. ఫోన్ల అమ్మాయి అందరి ఇళ్ళకూ ఫోన్ చేసి అడుగుతుంది. మనింటికీ రావచ్చు. నీకు తోచింది చెప్పు.

నీ
లెక్కల మొగుడు


లాండ్రీ వెనక గది,
బుధవారం

ఏమండీ,

మీరు చెప్పింది అర్థమైంది. రెండుసార్లు చదివి అత్తయ్యకు కూడా చెప్పాను. అప్పటినుంచి ఇంట్లో ఒకటే గోల. "మరక పోయిందా?" అని నేనడిగితే అత్తయ్య "సున్నా" అంటారు. మామయ్య పొద్దున లేవగానే "టీ?" అంటే నేను "ఒకటి మామయ్యా" అనాలి. నిన్న ఒకాయన వచ్చి "నా కోటు అయిందా?" అంటే మామయ్య అలవాటులో "సున్నా" అనేశారు. ఆయనకు కోపం వచ్చింది. "నా కోటును పట్టుకుని సున్నా అంటావా?" అని తగువు పెట్టుకున్నాడు. అత్తయ్య సర్దిచెప్పి పంపారు.

కాలర్లు నేను చేస్తే నలగడం లేదని మామయ్య మెచ్చుకున్నారు. ముందు వెనకవైపునుంచి నొక్కి, తర్వాత అంచులనుంచి మధ్యకు రావాలి. మధ్యనుంచి అంచుకు వెళ్తే ముడత పడుతుంది. ఇది మీకు తెలిసే ఉంటుంది.

కళ్ళజోడు గారి భార్య సంగతి చదివాను. మంచిది.

మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడాను.

ఉంటాను,
మీ భార్య


సర్వే ఆఫీసు, మూడో అంతస్తు,
మంగళవారం

గుసగుసకి,

కోటాయన కథ విని మా బల్లల వరస అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

మేడమ్ ఈసారి నాకొక గౌరవం ఇచ్చారు. ఇళ్ళ సంగతి లెక్క మొత్తం నన్నే రాయమన్నారు. మొదటిసారి ఇంకొకరి ప్రోగ్రాం దిద్దకుండా సొంతంగా రాశాను. ఒక్క దెబ్బకు నడిచింది. అందరి జవాబులూ ఒకట్లు, సున్నాలు అయిపోయి నీట్‌గా నిలబడ్డాయి. సగటు తీస్తే అరకు చాలా కింద ఉంది. రావడానికి ఇష్టంలేనివాళ్ళే ఎక్కువని తేలింది. మేడ వద్దని మేడమ్ దాని యజమానికి కబురు పెడుతున్నారు.

ఇంకొక మాట. నేను చూడకూడదు కానీ చూశాను. మన వరసలో సున్నా ఉంది.

ఏమీ అనుకోవడం లేదు. నీకు తోచింది చెప్పమన్నది నేనే. అమ్మానాన్నల దగ్గర నీకు అలవాటైంది. ఇక్కడ ఎవరూ తెలియదు. నాకు అర్థమవుతుంది.

ఇంకా దూరంలో మాకు కొత్త శాఖ ఒకటి తెరుస్తున్నారు. కుటుంబం వెంట లేనివాళ్ళను ముందు పంపిస్తారట. వెళ్తే మూడేళ్ళు కదలడానికి ఉండదు. నెలాఖరులోగా చెప్పమన్నారు. ఇక్కడ ఒంటరిగా ఉండేదానికి అక్కడ ఉంటే ఏమిటి అనిపించి పేరు ఇచ్చాను. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు.

ఆ నీలం చొక్కా నాన్నను వాడుకోమను.

ఉంటాను


లాండ్రీ వెనక గది,
శనివారం

ఏమండీ,

నేను కాదనలేదు.

ఈ మాట మొదటే రాస్తున్నాను. మిగతా ఉత్తరం చదివినా చదవకపోయినా ఇది చదవండి. ఆ సున్నా నాది కాదు. ఎవరు రాశారో కనుక్కోండి.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. షాపు నిండా జనం ఉన్నారు. అత్తయ్య మూటలు విప్పి చీటీలు కుడుతున్నారు. ఫోన్ మోగితే నేనే తీశాను. ఆ అమ్మాయి గొంతు చాలా బాగుంది. "మేడమ్, మీవారికి ఇక్కడ ఇల్లు ఇస్తే మీరు వచ్చి ఉంటారా? అవునా, కాదా?" అంది.

నన్ను మేడమ్ అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఫోన్ ఇంకాస్త చెవికి అదుముకున్నాను.

"ఎవరే?" అన్నారు అత్తయ్య.

"ఆయన ఆఫీసు వాళ్ళు అత్తయ్యా."

"ఏమంటారు?"

"ఇల్లు..."

మామయ్య ఇస్త్రీ పెట్టె పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. "ఇల్లేమైంది? కాలిపోయిందా? వాడు బాగానే ఉన్నాడా?"

"నా ప్యాంటు సంగతి చూసి తర్వాత మాట్లాడుకోండమ్మా" అన్నాడు ఎదురుగా ఉన్నాయన.

"మేడమ్, లైన్లో ఉన్నారా? అవునా, కాదా?"

"మళ్ళీ చెప్తానండీ" అన్నాను. ఆ అమ్మాయి సరేనని పెట్టేసింది. ఇంతే జరిగింది. ఇందులో కాదు ఎక్కడుంది?

మీరు మూడేళ్ళు దూరం వెళ్తానని పేరు ఇచ్చారు. నా గడిలో ఎవరో పెట్టిన సున్నా చూసి ఇచ్చారు. నా గొంతు మీకు తెలుసు కదా, నేను కాదంటే ఎలా ఉంటుందో ఎప్పుడైనా విన్నారా?

అత్తయ్యకు మీ శాఖ సంగతి చెప్పలేదు. చెప్పను. చెప్పాలంటే మీరే చెప్పుకోండి.

చొక్కా మామయ్యకు పట్టదు.

మీ భార్య


సర్వే ఆఫీసు, మూడో అంతస్తు,
గురువారం

గుసగుసా,

నీ ఉత్తరం నిలబడి చదివి అలాగే ఫోన్ల అమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

"మా ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏమన్నారు?" అన్నాను.

"మళ్ళీ చెప్తానన్నారు అన్నయ్యా. చాలామంది అంతే. ఇంట్లో అడిగి చెప్తాననేవాళ్ళు, రేపు చెయ్యమనేవాళ్ళు, పాలు పొంగుతున్నాయని పెట్టేసేవాళ్ళు. ఏమీ చెప్పనివాళ్ళ గడిలో నేనేం రాస్తాను? ఖాళీగా వదిలేశాను. నువ్వు చూసుకుంటావనుకున్నా."

నేనేమో మెషీన్ చూసుకుంటుందనుకున్నాను.

సున్నా ఎవరు రాశారని అడిగావు. నేనే. నా చేతులతో రాసిన ప్రోగ్రాం. ఒక్కో గడి దగ్గర ఆగి మెషీన్‌ను నేను అడిగింది ఒకటే, "ఇందులో అవును అని ఉందా?" ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఖాళీ గడి దగ్గర కూడా అదే అడిగాను. ఖాళీలో అవును ఎక్కడినుంచి వస్తుంది? లేదంది, సున్నా పెట్టింది. అది అబద్ధం ఆడలేదు. నేను అడగాల్సింది అడగలేదు. అనుమానం తీరక తిరగేసి అడిగి చూశాను, "ఇందులో కాదు అని ఉందా?" అని. అప్పుడు కూడా మన వరసలో సున్నాయే! అంటే నువ్వు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. రెండూ అడిగి ఉంటే మొదటిరోజే తెలిసేది.

మనింట్లో పుట్టి పెరిగినవాడిని నేను. చీటీ ఊడిన చొక్కాను అమ్మ ఎప్పుడైనా "ఎవరిదీ కాదు" అని పారేసిందా? తీగ మీద వేస్తుంది. ఆ తీగ కింద కూర్చునే చదువుకున్నాను. నాకే గుర్తు రాలేదు.

ఇప్పుడు ఖాళీ గళ్ళకు సున్నా తీసేసి "తెలియదు" అని గుర్తు పెట్టాను. అలాంటి గుర్తు ఈ మెషీన్‌లో ఉంది. పెట్టి సగటు అడిగితే ఏమందో తెలుసా? "తెలియదు" అంది. ఒక్క గడిలో తెలియదు ఉన్నా మొత్తానికి తెలియదు అనే అంటుంది. మొండిది. నాకు ముద్దొచ్చింది.

మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, లెక్క తప్పు. తప్పు నాది."

ఆవిడ కళ్ళు పైకెత్తలేదు. "ఎంత తప్పు?"

"మాట్లాడనివాళ్ళందర్నీ రానన్నట్టు కట్టాను."

"అయితే వాళ్ళను తీసేసి మిగతావాళ్ళతో సగటు కట్టు. ఒక్క మాట ఎక్కువ రాస్తే అయిపోతుంది కదా?"

"అయిపోతుంది మేడమ్. కానీ గట్టిగా మాట్లాడేవాళ్ళ లెక్కే వస్తుంది. మెల్లగా మాట్లాడేవాళ్ళు లేనట్టే అవుతారు. సున్నా పెట్టకూడదు, తీసెయ్యకూడదు. మళ్ళీ అడగాలి."

అప్పుడు చూశారు నావైపు. "మీ ఇంటావిడ మెల్లగా మాట్లాడుతుందా?"

"అవును మేడమ్."

"సరే. మళ్ళీ అడిగించు. మేడ యజమానిని నేను ఆపుతాను."

మళ్ళీ ఫోన్ వస్తుంది. షాపులో రద్దీ లేనప్పుడు చెయ్యమని ఆ అమ్మాయికి చెప్పాను. ఈసారి నోరు తెరిచి చెప్పు. కొత్త శాఖ కాగితం మేడమ్ బల్లమీదే ఉంది, ఇంకా పైకి పోలేదు.

నీ
తప్పుల మొగుడు


లాండ్రీ వెనక గది,
సోమవారం

ఏమండీ,

మీరు మేడమ్ గారికి చెప్పిన మాటలు చదివి ఆ కాగితం కాసేపు మడవలేదు. తప్పు నాది అని అంత తేలిగ్గా చెప్పే మగవాణ్ణి నేను ఇదే చూడటం. మామయ్య చొక్కా కాల్చినా ఇస్త్రీ పెట్టెదే తప్పంటారు.

ఫోన్ వచ్చింది. షాపులో ఎవరూ లేరు. అత్తయ్య నా చేతిలో ఫోన్ పెట్టి, "ఆ రోజు నేను పక్కన ఉన్నాననే కదా చెప్పలేదు? ఇదిగో, పెరట్లోకి పోతున్నా" అన్నారు.

"కాదు అత్తయ్యా, ఉండండి" అన్నాను.

"మరి నాకోసమా? నువ్వు లేకపోతే ఈ షాపు మూసేస్తాననుకున్నావా? నువ్వు రాకముందు ఎవరు నడిపారమ్మాయ్? ఎదురింటావిడ ఎప్పటినుంచో పనికి వస్తానంటోంది."

"అందుకూ కాదు."

"మరెందుకే?"

"ఆయన అడగలేదు."

అత్తయ్య పక్కనున్న మూట మీద కూర్చుండిపోయారు. ఫోన్లో ఆ అమ్మాయి "అక్కా, అక్కా" అంటూనే ఉంది. ఈసారి అక్కా అంది.

అవునండీ. మీ ఆఫీసు అడిగింది. మీ మేడమ్ గారు అడిగించారు. గొంతు బాగున్న అమ్మాయి రెండుసార్లు అడిగింది. మీరు అడగలేదు. "నీకు తోచింది చెప్పు" అన్నారు. కళ్ళజోడు గారి భార్య చక్కగా మాట్లాడుతుందని రాసిన ఉత్తరంలోనే, అన్నట్టు అని చివర్లో కలిపి రాశారు. నేను వస్తే మీ పక్కన "ఊ" అంటూ నిలబడే మనిషి ఒకతి వస్తుంది. అది మీకు ఇష్టం లేదేమో, ఆ సంగతి చెప్పలేక ఆఫీసు చేత అడిగిస్తున్నారేమో అనుకున్నాను. మీరు ఏమీ అనలేదు కాబట్టి అవసరం లేదన్నట్టే అనుకున్నాను.

మీ ఉత్తరం చదువుతూ ఉంటే, మెషీన్ చేసిన పనే నేనూ చేశానని తెలిసింది. మీ గడి ఖాళీగా ఉంటే సున్నా పెట్టుకుని కూర్చున్నాను. మనిద్దరం ఒకరికొకరం సరిపోయాం.

అందుకే ఆ అమ్మాయితో ఇలా చెప్పాను. మెల్లగానే చెప్పాను కానీ చెప్పాను.

"ఆ గడి ఖాళీగానే ఉంచండి."

"అదేంటక్కా? మళ్ళీనా?"

"ఆయన్ని అడగమనండి. ఆయన అడిగితే చెప్తాను. అప్పటిదాకా తెలియదు అని రాసుకోండి. సున్నా మాత్రం పెట్టకండి."

అవతల పెద్ద నవ్వు. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వినట్టు లేదు. ఇంకా ఎవరెవరో విన్నారు. ఫోన్ పెట్టేశాక అత్తయ్య "బాగా అన్నావే! వాళ్ళ నాన్న కూడా నన్ను ఏదీ నేరుగా అడగడు. అన్నీ గోడకు చెప్తాడు" అన్నారు. మామయ్య నిజంగానే గోడవైపు తిరిగారు.

అడగండి మరి.

మీ గుసగుస


సర్వే ఆఫీసు, మూడో అంతస్తు,
గురువారం

నా గుసగుసా,

పరువు పోయింది. ఫోన్ల అమ్మాయి స్పీకర్ పెట్టి మాట్లాడుతుందని నీకు తెలియదు. నీ మాట మూడో అంతస్తంతా విన్నది. ఆ సాయంత్రంలోగా కింది రెండు అంతస్తులకూ దిగింది. నేను ఎదురైతే చాలు, లిఫ్టు నడిపే అతను కూడా "అడిగారా సార్?" అంటున్నాడు. కళ్ళజోడు భార్య క్యారియర్ నా బల్లమీద పెట్టి, "ఆ అమ్మాయి ఎవరో నాకు చూపించాలి మీరు. నేను రోజూ వాగి సాధించలేనిది ఒక్క మాటలో సాధించింది" అంది.

సంగతి ఇంకా ఉంది. మిగతా ఖాళీలన్నీ నిండాయి. పాలు పొంగినావిడ కూడా చెప్పింది. మన గడి ఒక్కటే మిగిలింది. దాంతో సగటు అడిగితే మెషీన్ ఇంకా తెలియదు అనే అంటోంది. ఒక్కటి వదిలేసి కట్టమని అందరూ మేడమ్ మీద పడ్డారు. ఆవిడ నావైపు వేలు చూపించారు. "సున్నా పెట్టకూడదు, తీసెయ్యకూడదు అని నాకు పాఠం చెప్పింది ఈయనే. ఈయనింటి గడి నిండేదాకా ఎవరికీ ఇల్లు లేదు" అన్నారు. గుసగుసా, ఆఫీసు మొత్తం నీ ఒక్క మాటకోసం ఆగి ఉంది.

ఆగనీ. ముందు నా సంగతి.

నేను ఎందుకు అడగలేదో చెప్తాను. నేను అడిగితే నువ్వు ఇష్టం లేకపోయినా "ఊ" అంటావని భయపడ్డాను. ఆఫీసు అడిగితే నిజం చెప్తావనుకున్నాను. నీకు స్వేచ్ఛ ఇస్తున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను. తీరా చూస్తే అడిగే ధైర్యం లేకపోవడమే అది. నాన్న గోడకు చెప్తాడు, నేను మెషీన్‌కు చెప్పాను.

ఇవాళ పొద్దున కొత్త శాఖ కాగితం వెనక్కు తీసుకుని చింపేశాను. నువ్వు ఏమన్నా సరే, దూరం మాత్రం వెళ్ళను. కాదంటే సెలవు దొరికినప్పుడల్లా వచ్చి బల్లకు అటువైపు నిలబడి నీ "ఊ" వింటాను.

ఆ మేడలో రెండో అంతస్తులో చివరి ఇల్లు చూసి వచ్చాను. ఒకటే గది, పక్కన వంటకు చిన్న చోటు. కొళాయి వదులుగా ఉంది, నీళ్ళు కారుతున్నాయి, బాగు చేయిస్తారట. కిటికీ తూర్పుకు. కిటికీ కింద బల్ల వేస్తే ఇస్త్రీకి వెలుతురు బాగుంటుంది. ఫోన్ గది మధ్యలో పెట్టను. ఎవరూ వినరు. నువ్వు మాట్లాడకపోయినా పర్వాలేదు. కానీ మాట్లాడితే నాకు వినాలని ఉంది.

వస్తావా?

నేను అడుగుతున్నాను. ఆఫీసు కాదు.

నీ వాడు


లాండ్రీ వెనక గది,
ఆదివారం

ఏమండీ,

ఈ ఉత్తరం చేరేసరికి మీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను. ఫోన్లో చెప్పింది ఆఫీసుకు, ఇది మీకు.

నిన్న పొద్దున మీ ఉత్తరం వచ్చింది. గదిలో చదువుకుని నేరుగా షాపులోకి వెళ్ళాను. జనం నిండుగా ఉన్నారు. కోటాయన కూడా ఉన్నాడు. ఎవరూ లేనప్పుడు చేద్దామా అని ఒక్క క్షణం ఆగాను. ఆగితే మళ్ళీ ఆగిపోతానని తెలుసు. నేనే నంబరు నొక్కాను. ఈ ఇంటికి వచ్చాక నా అంతట నేను ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"సర్వే ఆఫీసు, చెప్పండి" అంది ఆ అమ్మాయి.

"అవును!" అన్నాను.

"ఎవరండీ? ఏది అవును?"

"ఆయన అడిగారు. అవును. ఒకటి రాసుకోండి."

అంత గట్టిగా అన్నానని నాకు తెలియదు. నా గొంతు అంత ఉందని కూడా తెలియదు. లోపలినుంచి మామయ్య పరుగెత్తుకొచ్చారు. "ఎవరు అరిచింది? మళ్ళీ ఇల్లేమైంది?" అన్నారు. "ఇల్లు దొరికింది, మీరు పని చూసుకోండి" అన్నారు అత్తయ్య. ఫోన్లో ఆ అమ్మాయి "ఒకసారి చెప్తే చాలక్కా, మూడో అంతస్తంతా విన్నారు" అంది. అవతల చప్పట్లు వినిపించాయి. వాటిలో మీవి ఏవో పోల్చుకోలేకపోయాను. కోటాయనకు ఏం అర్థమైందో గానీ, "శుభం అమ్మా" అని మొదటిసారి నవ్వాడు.

మేడ సంగతి మీ మెషీన్ ఏం తేల్చిందో నాకు తెలియదు. సగటు అర దాటితే మంచిది. దాటకపోతే ఆ కొళాయి కారే ఇల్లు కాకుండా ఇంకోచోట చూడండి. అదీ దొరక్కపోతే మీరు ఇప్పుడుండే గదికే వచ్చేస్తాను. నేను వచ్చేది సగటును చూసి కాదు.

వచ్చే ఆదివారం మామయ్య బండి ఎక్కిస్తారు. చిన్న ఇస్త్రీ పెట్టె తెచ్చుకుంటున్నాను. మీ ఆఫీసువాళ్ళ కాలర్లు ఎలా ఉన్నాయో చూడాలి. కళ్ళజోడు గారి భార్యతో ఏం మాట్లాడాలో ఇప్పటినుంచే అనుకోవడం మొదలుపెట్టాను. మొదట "ఊ" అంటాను. తర్వాత చూద్దాం.

మూట కట్టుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి తీగ మీంచి నీలం చొక్కా తీశాను. ఇన్నాళ్ళూ ఎండకు దాని భుజాలు కొంచెం వెలిశాయి. నీళ్ళు చల్లి, కాలర్ వెనకనుంచి నొక్కి, అంచులనుంచి మధ్యకు తెచ్చి మడతపెట్టాను. అత్తయ్య బల్ల దగ్గరినుంచి అంతా చూస్తున్నారు.

"చీటీ లేని బట్టను అలా తీసుకుపోకూడదే. యజమాని వచ్చి అడిగాడా?" అన్నారు.

"అడిగాడు అత్తయ్యా" అన్నాను. షాపులో అందరికీ వినపడేలా.

మీ
గుసగుస